స్పీకర్ వైర్లకు కనెక్టర్లు: నేను ఏం కొన్నాను, ఎలా బిగించాను

స్పీకర్ వైరు చివర ఖరీదైన కనెక్టరు పెడితే పాట బాగా వినిపిస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. రాగి తీగని శుభ్రంగా ఒలిచి, టెర్మినల్ రంధ్రంలో దూర్చి గట్టిగా బిగిస్తే దానికి మించిన జాయింటు లేదు. ప్లగ్గు పెట్టామంటే మధ్యలో ఇంకో జాయింటు చేర్చినట్టే. అయినా నేను పెట్టుకున్నాను. కారణం సౌండు కాదు, మా టీవీ యూనిట్ వెనకున్న జాగా.

మియాపూర్‌లో మాది అద్దె ఫ్లాటు. టీవీ యూనిట్ గోడకి బిగించేసి ఉంది, కదలదు. యాంప్లిఫయర్ దాని కింది అరలో ఉంటుంది. వెనక చెయ్యి మాత్రం దూరుతుంది, తల దూరదు. ఉగాదికీ దసరాకీ ఇల్లు దులిపినప్పుడల్లా యాంప్లిఫయర్ బయటికి తియ్యాలి, తీస్తే వైర్లన్నీ ఊడదీయాలి. మళ్లీ తగిలించేటప్పుడు ఫోన్ టార్చి నోట్లో పెట్టుకుని, కనిపించని రంధ్రంలో తీగ చివరని గుచ్చడం. ఒక దసరాకి అలా తగిలించి ఆన్ చేస్తే రిలే టక్‌మంది, ఎర్ర లైటు మిణుకుమంటూ యాంప్లిఫయర్ ప్రొటెక్షన్‌లోకి పోయింది, అంటే తనని తాను కాపాడుకోడానికి సౌండు ఆపేసింది. చూస్తే ఎర్ర టెర్మినల్లోంచి వెంట్రుక లాంటి రాగి పోగొకటి బయటికొచ్చి పక్కనున్న నల్లదాన్ని తాకుతోంది. ప్రొటెక్షన్ సర్క్యూట్ సరిగా ఉంది కాబట్టి సరిపోయింది. అది లేని పాత యాంప్లిఫయర్లలో ఇలాంటి షార్ట్ నేరుగా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లకే తగులుతుంది. ఆ తర్వాత ఇక ఒట్టి తీగలు వద్దనుకున్నాను.

ముందు వైరు సంగతి, ఎందుకంటే వైరు లావు తేలితేగానీ కనెక్టరు కొనలేం. మా హాల్లో యాంప్లిఫయర్ నుంచి దూరంగా ఉన్న స్పీకర్‌కి వైరు గోడ వారగా తిరిగి వెళ్లాలి, 6 మీటర్లు. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి లెక్కకి 12 మీటర్ల రాగి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే దాని నిరోధం సుమారు 0.08 ఓమ్, 1.5 అయితే 0.14 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు రెండూ చిన్నవే. చాలామంది పాటించే లెక్క ప్రకారం వైరు నిరోధం స్పీకర్ ఇంపిడెన్స్‌లో (స్పీకర్ మీద రాసి ఉండే ఓమ్‌లలో) 5 శాతం దాటకుండా ఉంటే చాలు, అంటే 0.4 ఓమ్. ఆ లెక్కన 1.5 కూడా దండిగా సరిపోయేది. రేపు 4 ఓమ్‌ల స్పీకర్లు కొన్నా ఇదే పనికొస్తుందని 2.5 తీసుకున్నాను.

మా బామ్మర్దికి నల్లగొండలో సౌండ్ సిస్టమ్ ఉంది, పెళ్లిళ్లకీ గణేశ్ మండపాలకీ కడతాడు. వాడిని అడిగితే, "స్పీకర్ వైరని పేరు పెట్టి అమ్మేది ఎందుకు బావా, ఫినోలెక్స్‌దో పాలీక్యాబ్‌దో ఎర్రదొకటి, నల్లదొకటి తీస్కో, రెండూ మెలేసి లాగెయ్" అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేం లేదు. ఇంటి వైరింగ్‌కి వాడే 2.5 వైరులో 0.3 మిల్లీమీటర్ల పోగులు 36 ఉంటాయి, స్వచ్ఛమైన రాగి, ఐఎస్ఐ మార్కు, రంగుల వల్ల ప్లస్ మైనస్ తికమకా ఉండదు. కానీ ఆ పీవీసీ కొంచెం బిరుసు, గోడ మూలల్లో వంచితే వంగి ఊరుకోదు. నేను మెత్తగా ఉండే జంట వైరే తీసుకున్నాను. పారదర్శకంగా ఉన్నది మాత్రం వద్దనుకున్నాను. కాకినాడలో మా అమ్మగారింట్లో అలాంటిదొకటి ఉంది, కొన్నేళ్లకే లోపలి రాగి ఆకుపచ్చగా మారిపోయింది.

వైరు కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే, లోపల ఉన్నది నిజంగా రాగేనా అని. అల్యూమినియం తీగకి పైన రాగి పూత వేసి అమ్మేది మార్కెట్లో చాలా ఉంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒక పోగు తీసి బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది. చుట్ట చేత్తో ఎత్తినా తెలుస్తుంది, తేలిగ్గా ఉంటుంది. దాని నిరోధం అదే లావు రాగి కన్నా ఒకటిన్నర రెట్లు పైనే. అదైనా ఫర్వాలేదు, ఇంకో మందం ఎక్కువ తీసుకుంటే సరిపోతుంది. అసలు ఇబ్బంది చివర్లలో. అల్యూమినియం పోగులు స్క్రూ కింద నలిగి తెగుతాయి, గాలి తగిలి పైన పొర కడుతుంది. జాయింటు కోసం ఇంత తంటాలు పడేవాళ్లకి ఆ వైరు పనికిరాదు.

ఇక టెర్మినళ్లు. యాంప్లిఫయర్ వెనక ఎర్ర, నల్ల మరలతో ఉండేవాటిని బైండింగ్ పోస్టులంటారు. మర వదులు చేస్తే కాండంలో అడ్డంగా రంధ్రం కనిపిస్తుంది, ఒట్టి తీగైనా పిన్నైనా అందులో దూర్చి బిగించొచ్చు. గుర్రపునాడా ఆకారంలో ఉండే స్పేడ్ లగ్‌ని మర కింద పెట్టి బిగించొచ్చు. లేదా వెనక నుంచి నేరుగా మధ్య రంధ్రంలోకి 4 మిల్లీమీటర్ల బనానా ప్లగ్గు గుచ్చొచ్చు. కొత్త యాంప్లిఫయర్లో ఆ మధ్య రంధ్రం కనబడదు. ఎరుపు, నలుపు ప్లాస్టిక్ బిరడాలు పెట్టి మూసేసి ఉంటుంది. సన్నటి స్క్రూడ్రైవర్ మొనతో ఎత్తితే వచ్చేస్తాయి. నావి ఒకటి గోటితోనే వచ్చింది, మిగతావి మొండికేశాయి.

ఆ బిరడాలు ఎందుకు పెడతారో తెలుసుకోవడం మనకి చాలా అవసరం. ఐరోపాలో గోడ సాకెట్ రంధ్రాల మధ్య దూరం 19 మిల్లీమీటర్లు. రెండు బైండింగ్ పోస్టుల మధ్య దూరం కూడా మామూలుగా అంతే. స్పీకర్ ప్లగ్గుని ఎవరైనా పొరపాటున కరెంటు సాకెట్లో పెట్టేస్తారని అక్కడ ఆ రంధ్రాలు మూసి అమ్మాలన్న నియమం వచ్చింది. మన ఇళ్లలో 5 ఆంపియర్ల సాకెట్లోనూ కింది రెండు రంధ్రాల మధ్య దూరం 19 మిల్లీమీటర్లే, రంధ్రం 5 మిల్లీమీటర్ల పిన్ను పట్టేంత. 4 మిల్లీమీటర్ల బనానా ప్లగ్గు అందులోకి హాయిగా దిగిపోతుంది. పాత సాకెట్లకి లోపల షట్టర్ కూడా ఉండదు. రెండో చివర స్పీకర్ ఉందనుకోండి, దాని కాయిల్ మీదికి 230 వోల్టులు. పిల్లవాడి చేతిలో ఉంటే ఇక చెప్పేదేముంది. అందుకే మా ఇంట్లో ఒక నియమం పెట్టాను. రెండు ప్లగ్గులు కలిసి ఒకే ముక్కగా ఉండే డబుల్ బనానా కొనేది లేదు. ఇల్లు దులిపేటప్పుడు ప్లగ్గులు ఊడదీస్తే నాలుగింటినీ ఒక కవర్లో వేసి రబ్బర్ బ్యాండు చుట్టి, స్విచ్ బోర్డుకి అందనంత దూరంగా పెట్టాలి.

కొనడానికి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. మియాపూర్ నుంచి మెట్రో ఎక్కితే మారక్కర్లేకుండా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు. బండి మీద వెళితే పార్కింగ్ టెన్షన్‌లోనే సగం ఓపిక అయిపోతుంది. ఆన్‌లైన్లో బొమ్మలు చూస్తే అన్నీ ఒకేలా మెరుస్తాయి. చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలుస్తుంది.

షాపతను ముందు పెట్టినవి ఒళ్లంతా బంగారు రంగు లోహంతో ఉన్నవి. "ఇరవై నాలుగు క్యారెట్ల గోల్డ్ ప్లేటెడ్ సార్, ఒరిజినల్ మాల్." జేబులోంచి ఫ్రిజ్ అయస్కాంతం తీసి దగ్గర పెట్టాను. టప్పున అతుక్కుంది. పూత కింద ఇత్తడి ఉండాలి, ఇత్తడికి అయస్కాంతం అలా అతుక్కోదు. అతను నవ్వేసి, "అయస్కాంతం తెచ్చుకుంటరా సార్ ఎవరైనా, ఆగండి" అని లోపలి నుంచి ఇంకో డబ్బా తెచ్చాడు. బంగారు పూత వల్ల సౌండు మారదు, అది తుప్పు పట్టదు, అంతే. హైదరాబాద్ గాలికి మామూలు నికెల్ పూత కూడా సరిపోతుంది. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల ఉప్పుగాలికి బంగారు పూతకి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టొచ్చు.

అసలు చూడాల్సింది రెండు చోట్ల. మొదటిది, యాంప్లిఫయర్లోకి వెళ్లే పిన్ను. అది స్ప్రింగులా పట్టుకోవాలి. మధ్యలో ఉబ్బి, నాలుగు రేకులున్న రకం ఒకటి ఉంది. నొక్కి వదిలితే వెంటనే వెనక్కి వచ్చిందంటే మంచిదే, నొక్కిన చోటే ఉండిపోతే వద్దు. పిన్ను నిలువునా చీలి ఉండే రకం కూడా ఉంటుంది, వదులైతే బ్లేడు మొనతో కాస్త తెరుచుకోవచ్చు. నేను రేకుల రకమే తీసుకున్నాను.

రెండోది, వైరుని పట్టుకునే తీరు. ఇందులోనే రకాలెక్కువ. కొన్నిటిలో సూది పళ్లుంటాయి, వైరుని లోపల పెట్టి మూత తిప్పితే ఆ పళ్లు రాగిలోకి దిగుతాయి. నిమిషంలో పని అయిపోతుంది. కానీ పోగుల్లో ఎన్ని తగిలాయో మనకి కనిపించదు. కొన్నిటికి సోల్డరింగ్ చేసే గిన్నె ఉంటుంది. కొన్నిటికి పక్క నుంచి చిన్న గ్రబ్ స్క్రూలు, అంటే తల లేని స్క్రూలు, ఎల్ ఆకారంలో ఉండే అలెన్ కీతో బిగించేవి. నేను గ్రబ్ స్క్రూలు రెండున్నవి తీసుకున్నాను. ఒకటే స్క్రూ ఉన్నదాంట్లో వైరు దాని చుట్టూ తిరుగుతుంది. ఇంకో సంగతి, పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నవే తీసుకున్నాను. ఒళ్లంతా లోహం ఉన్నవి చూడ్డానికి దర్జాగా ఉంటాయి గానీ, యాంప్లిఫయర్ వెనక 19 మిల్లీమీటర్ల ఎడంలో పక్కపక్కనే ఉన్నప్పుడు ఒకటి వంగి రెండోదాన్ని తాకితే మళ్లీ మొదటి కథే. ఆ షాపులోనే జత వందలోపువీ ఉన్నాయి, వెయ్యి దాటినవీ ఉన్నాయి. నేను తెచ్చినవి కింది వరసలోవే.

స్పీకర్ వైపు మాత్రం బనానా పెట్టలేదు. మా స్పీకర్లు గోడ స్టాండ్ల మీద ఉంటాయి, గోడకీ వాటికీ మధ్య నాలుగు వేళ్ల సందు. ప్లగ్గు తిన్నగా గుచ్చితే దాని పొడవూ, వైరు వంపూ కలిసి ఆ సందులో పట్టవు. పైగా స్పీకర్ వైపు వైరుని ఊడదీసే పని దాదాపు ఉండదు. అక్కడ ఫెరూల్ చాలనుకున్నాను. ఫెరూల్ అంటే సన్నటి గొట్టం లాంటి రాగి తొడుగు, పైన తగరం పూత. ప్యానెల్ బోర్డుల పనివాళ్ల దగ్గర ఎప్పుడూ ఉంటుంది, దాన్ని వాళ్లు లగ్ అనే పిలుస్తారు. 2.5 సైజువి నాకు నీలం కాలర్‌తో దొరికాయి.

ఫెరూల్ ఎందుకంటే, మా బామ్మర్ది ఫోన్లో చెప్పిన మాట. "బావా, సోల్డరింగ్ చేస్తే చెయ్, స్క్రూ బిగిస్తే బిగియ్. వైరుకి సోల్డర్ పూసి దాని మీద స్క్రూ మాత్రం బిగించకు." తీగ చివర పోగులు చెదిరిపోకుండా చాలామంది సోల్డర్ పూస్తారు. సోల్డర్‌లో తగరం, సీసం, రెండూ మెత్తటివే. స్క్రూ ఒత్తిడి కింద అది నెమ్మదిగా పక్కకి జరుగుతూ పోతుంది. ఈ రోజు రాయిలా ఉన్న జాయింటు కొన్ని నెలలకి వదులైపోతుంది. ఒట్టి రాగి పోగులో, ఫెరూలో అయితే ఆ బాధ ఉండదు. అందుకే మా పనిలో సోల్డరింగ్ ఐరన్ బయటికే రాలేదు.

బిగించే పని మొదలుపెట్టేముందు యాంప్లిఫయర్ ప్లగ్గు గోడ నుంచి పీకేశాను, స్విచ్ ఆపితే చాలదు. వైరుని చివర నుంచి మూడు వేళ్ల పొడవున రెండుగా చీల్చాను, అంతకన్నా ఎక్కువ చీలిస్తే వెనక వేలాడుతూ చిక్కులు పడుతుంది. ముందుగా ఎక్కించాల్సింది హీట్ ష్రింక్ స్లీవు, అంటే వేడి చేస్తే ముడుచుకుని బిగిసే ప్లాస్టిక్ గొట్టం. ప్లగ్గు బిగించాక అది ఎక్కదు.

తర్వాత ఒలవడం. ఎంత ఒలవాలో ప్లగ్గు గొట్టం పక్కన వైరు పెట్టి కొలుచుకున్నాను, 12 మిల్లీమీటర్లు వచ్చింది. కటింగ్ ప్లయర్‌తో లాగితే తొడుగుతోపాటు నాలుగు పోగులు కూడా తెగి వస్తాయి, స్ట్రిప్పర్‌కి 2.5 గాడి ఉంటే ఆ బెంగ లేదు. ఒలిచిన రాగి గులాబీ రంగులో మెరవాలి. పాత వైరైతే నల్లబడిన, పచ్చబడిన భాగం కోసేసి మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి వెళ్లాలి. పోగుల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, అవి ముందే తిరిగి ఉన్న వైపుకే ఇంకొంచెం మెలితిప్పాను. ఎదురు తిప్పితే గుప్పుమని విచ్చుకుంటాయి.

ఇప్పుడు ప్లగ్గు. తొడుగు విప్పి పక్కన పెట్టి, రెండు గ్రబ్ స్క్రూలూ గొట్టం లోపలికి పొడుచుకు రానంతవరకు వెనక్కి తిప్పాను. వైరు దూర్చి, చివర రంధ్రంలోంచి రాగి అడుగు దాకా దిగిందో లేదో చూశాను. పైన ఇన్సులేషన్ గొట్టం అంచుకి ఆనుకుని ఉండాలి. మధ్యలో రాగి కనబడకూడదు, అలాగని ఇన్సులేషన్ స్క్రూ కిందికీ పోకూడదు. మొదటి స్క్రూ ఆనేదాకా, తర్వాత రెండోది ఆనేదాకా, మళ్లీ మొదటిది, మళ్లీ రెండోది. ఒకదాన్నే మొదట్లో పూర్తిగా బిగిస్తే పోగులన్నీ ఒక పక్కకి ఒరిగి రెండోదాని కింద ఏమీ మిగలదు. అలెన్ కీ పొట్టి కాలుని గాడిలో పెట్టి పొడుగు కాలుని వేళ్లతో తిప్పితే రాగి నలుగుతున్నట్టు చేతికి తెలుస్తుంది. ఆ పట్టు చాలు, ఇంకా తిప్పితే ఈ చిన్న ఇత్తడి గొట్టాలకి మరలు అరుగుతాయి. ఆఖర్న ప్లగ్గు ఒక చేత్తో, వైరు ఒక చేత్తో పట్టుకుని గట్టిగా లాగాను. రాలేదు. వస్తే ఇప్పుడే రానివ్వండి, యాంప్లిఫయర్ వెనక కన్నా మన చేతిలోనే నయం.

ఫెరూళ్లకి క్రింపింగ్ టూల్ కావాలి. ప్లయర్‌తో నొక్కితే ఫెరూల్ చదునైపోతుంది గానీ పట్టు రాదు. రాచెట్ ఉన్న టూల్ అయితే పూర్తిగా నొక్కేదాకా తెరుచుకోదు. అది మా అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్ అన్న దగ్గర ఒక సాయంత్రం అడిగి తెచ్చుకున్నాను. నాలుగు చివరల కోసం టూల్ కొనడం దండగ.

ప్లస్ మైనస్ గురించి ఒక్కమాట. మా వైరులో ఒక తీగ పక్కన ఉబ్బెత్తు గీత ఉంది, దాన్ని ఎరుపుకి పెట్టాను. ఏది ఎటు పెట్టినా పని చేస్తుంది గానీ, రెండు స్పీకర్లకీ ఒకేలా ఉండాలి. ఒకదానికి తిరగబడితే ఒక కోన్ ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోతుంది, బాస్ పలచబడిపోతుంది, గొంతు మధ్యలో నిలవకుండా గదంతా తేలుతుంది. అనుమానం ఉంటే వైరు చివర 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ క్షణం పాటు తాకించి చూడండి. బ్యాటరీ ప్లస్ ఎర్రవైపు ఉన్నప్పుడు ఊఫర్ కోన్ ముందుకి కదలాలి.

యాంప్లిఫయర్లో గుచ్చేముందు మల్టీమీటర్‌తో రెండు ప్లగ్గుల మధ్య చూశాను. 8 ఓమ్‌ల స్పీకర్ అని రాసి ఉన్నా మీటరు 6 చిల్లర చూపిస్తుంది, కంగారు పడక్కర్లేదు, అది కాయిల్ డీసీ నిరోధం. సున్నా దగ్గర చూపిస్తే ఎక్కడో షార్ట్ ఉంది. ఏమీ చూపించకపోతే ఏదో తెగింది. అన్నీ సరిపోయాక బైండింగ్ పోస్టు మరల్ని పూర్తిగా బిగించి, ఆ తర్వాత ప్లగ్గులు గుచ్చాను. మర వదులుగా ఉంటే పోస్టే ఊగుతుంది. వాల్యూమ్ అడుగున పెట్టి ఆన్ చేసి, కొద్దికొద్దిగా పెంచాను.

వెనక గోడకున్న పాత చిన్న స్పీకర్లకి నొక్కి వదిలే స్ప్రింగ్ క్లిప్పులున్నాయి. వాటిలో బనానా పట్టదు, 2.5 వైరూ పట్టదు. సన్నటి వైరుకి చిన్న ఫెరూల్ పెట్టి క్లిప్పులో దూర్చేశాను, అదీ అయిపోయింది. సబ్‌ఊఫర్‌కి దాని సొంత యాంప్లిఫయర్ ఉంది, దానికి ఆర్‌సీఏ కేబుల్ వెళ్తుంది, దాంతో ఈ పనికి సంబంధం లేదు.

నా పని విని మా బామ్మర్ది నవ్వాడు. వాళ్లకి స్పీకాన్ తప్ప వేరేది లేదు. న్యూట్రిక్ కంపెనీ 1987లో తెచ్చిన ఆ కనెక్టరు గుచ్చి తిప్పితే లాక్ అవుతుంది, జనం కాళ్లకి తగిలినా ఊడదు, వేలు పెట్టినా లోపలి లోహం తగలదు. మండపాల దగ్గర అదే ఉండాలి. ఇంట్లో యాంప్లిఫయర్లకి ఆ సాకెట్టు రాదు కాబట్టి మనకి బనానాలే గతి. ఒక రకంగా వైరు కాలికి తగిలితే ప్లగ్గు ఊడి రావడమే మేలు, లేకపోతే స్పీకరే స్టాండు మీద నుంచి కిందికి వస్తుంది.

రాగి పోగులు స్క్రూ కింద కొంతకాలానికి సర్దుకుంటాయి కాబట్టి ఒకటి రెండు వారాలు వాడాక ప్లగ్గులు తీసి అలెన్ కీ మళ్లీ ఒకసారి వెయ్యాలి. వేశాను. ఒక్క స్క్రూ మాత్రం పావు చుట్టు తిరిగింది, మిగతావి కదల్లేదు. ఆ తర్వాతే హీట్ ష్రింక్ స్లీవులు ముందుకి లాగి వేడి చేశాను. అవి ముందే బిగిసి ఉంటే స్క్రూలు అందేవి కావు.